అయిదుగురి వెనక ఒక్కడు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌కు డిసెంబరు సన్మానాల నెల. ఆగస్టు చివర మొదలైన సీజన్ కాన్ఫరెన్స్‌ల (కాలేజీ జట్ల బృందాల) ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లతో ఒక కొలిక్కి వచ్చాక దేశం మొత్తంలో ప్రతి స్థానానికీ ఉత్తముణ్ణి ఎంచి కూర్చే ఆల్ అమెరికా జట్లు, ఒక్కొక్క స్థానానికి విడివిడిగా ఇచ్చే ట్రోఫీలు వరసగా వెలువడతాయి. సాధారణంగా రెండో శనివారం రాత్రి న్యూయార్క్‌లో, ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ విజేత పేరు చదువుతారు. ఆ రాత్రి నేను తప్పకుండా టీవీ ముందు ఉంటాను. అయితే ఎవరు గెలుస్తారన్న ఉత్కంఠ కంటే, గెలిచినవాడు వేదిక మీద నిలబడి తల్లిదండ్రులకూ, కోచ్‌లకూ కృతజ్ఞతలు చెప్పాక, ఎదుటివాళ్లను అడ్డుకుంటూ తన ముందు నిలిచిన అయిదుగురిని, అంటే అఫెన్సివ్ లైన్‌ను, ఎప్పుడు తలుచుకుంటాడా, ఎంతసేపు తలుచుకుంటాడా అని ఎదురుచూడడమే నాకు అలవాటయింది.

ఈ అలవాటు నాకు ఒక రూమ్మేట్ వల్ల వచ్చింది. చదువుకోవడానికి ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది నాతో ఇల్లు పంచుకున్న అతను పశ్చిమ పెన్సిల్వేనియాలో పెరిగినవాడు, హైస్కూల్ జట్టులో ఆ లైన్ మధ్యన సెంటర్‌గా ఆడినవాడు. శనివారాలు అతనితో కూర్చుని మ్యాచ్ చూస్తూ నేను అందరిలాగే బంతి ఎటు పోతే అటు చూసేవాణ్ణి. ఒకరోజు అతను రికార్డు చేసిన మ్యాచ్‌ను రిమోట్‌తో వెనక్కి తిప్పి, మూడు సెకన్లపాటు బంతిని మరిచిపోయి మధ్యలో వంగి ఉన్న మనిషినొక్కణ్ణే చూడమన్నాడు. అదే ఆటను అయిదారు సార్లు తిప్పి చూపించాడు.

ఆ మూడు సెకన్లలో ఏం జరిగిందో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు చెప్పగలను. సెంటర్ ఒక చేతిని బంతి మీద పెట్టి తల ఎత్తి ఎదుటి జట్టును చూశాడు. రెండో చేత్తో ఎదుటి జట్టు రెండో వరసలో ఉన్న ఒక లైన్‌బ్యాకర్‌ను చూపించి ఏదో అరిచాడు. దానితో అటూ ఇటూ ఉన్న ఇద్దరు గార్డులూ, వాళ్ల పక్కన ఉన్న ఇద్దరు టాకిల్స్‌ ఎవరు ఎవరిని ఆపాలో మనసులో సరిచూసుకున్నారు. తరవాత కాళ్ల సందు నుంచి బంతిని వెనక్కి విసిరిన చెయ్యి ఇంకా ముందుకు తిరిగి రాకముందే, 130 కిలోలకు పైబడిన మనిషి ఒకడు అతని మీద పడ్డాడు. సెంటర్ ఆ బరువును రొమ్ము మీద మోపుకుని, కుడి పక్క గార్డు వచ్చి భుజం కలిపేదాకా ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు. గార్డు ఆ భారాన్ని అందుకోగానే అతన్ని వదిలి ముందుకు నడిచి, తాను ముందుగా వేలు పెట్టి చూపించిన లైన్‌బ్యాకర్‌నే పక్కకు తోసేశాడు. ఏర్పడిన సందులోంచి, బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ 12 గజాలు పరుగెత్తాడు. వ్యాఖ్యాత పరుగెత్తినవాడి పేరు చెప్పాడు. గణాంకాల పట్టికలో ఆ 12 గజాలూ అతని పేరు మీదే చేరాయి. సెంటర్ పని రాసుకోవడానికి ఆ పట్టికలో గడి లేదు.

ఒక సీజన్‌లో ఉత్తమ ఆటగాళ్లను గౌరవించడం గురించి నేను చెప్పదలచుకున్నది అక్కడే మొదలవుతుంది. మొదటి నుంచీ ఇలా లేదు. 1889లో క్రీడా పాత్రికేయుడు కాస్పర్ విట్నీ ప్రచురించిన, ఈ ఆట నియమాలకు రూపమిచ్చిన వాల్టర్ క్యాంప్ హస్తం కూడా ఉందని చెప్పుకునే మొట్టమొదటి ఆల్ అమెరికా జాబితాలో పదకొండు మంది ఉన్నారు. ఆ పదకొండు మందీ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లే కావడం ఆ జాబితా పరిమితి. కానీ అది ఒక జట్టు. ప్రతి స్థానానికీ ఒక ఉత్తముణ్ణి ఎంచిన జట్టు కనుక, ఆనాటి పద్ధతి ప్రకారం అందులో ఏడుగురు లైన్‌లో ఆడేవాళ్లూ, నలుగురు వెనక ఆడేవాళ్లూ ఉన్నారు. యేల్ గార్డు పడ్జ్ హెఫల్‌ఫింగర్ అందులో ఒకడు. ఆ తరవాతి రెండేళ్లూ కూడా అతను ఆల్ అమెరికా గార్డే. 1892 నవంబరులో ఒక్క మ్యాచ్‌కు 500 డాలర్లు పుచ్చుకుని, డబ్బు తీసుకుని ఆడినట్టు దాఖలా దొరికిన తొలి ఫుట్‌బాల్ ఆటగాడు కూడా అతనే. అంటే, ఈ ఆటలో మొట్టమొదట ఎవరికైనా రొక్కం ఇచ్చి తెచ్చుకోవాలని ఒక క్లబ్బుకు అనిపించినప్పుడు వాళ్లు పిలిచింది ఒక గార్డును. ఈ విషయం తలుచుకున్నప్పుడల్లా నాకు ఎంతో సంతోషం కలుగుతుంది.

పదకొండు మందిలోంచి ఒక్కణ్ణి ఎత్తి చూపే సంప్రదాయం 1935లో స్థిరపడింది. న్యూయార్క్‌లోని డౌన్‌టౌన్ అథ్లెటిక్ క్లబ్ మిసిసిపీ నదికి తూర్పున ఉన్న కాలేజీల ఆటగాళ్లలో అత్యంత విలువైనవాడికని ఒక ట్రోఫీ పెట్టి, దాన్ని షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జే బెర్వాంగర్‌కు ఇచ్చింది. క్లబ్ అథ్లెటిక్ డైరెక్టర్ జాన్ హైస్‌మన్ 1936 అక్టోబరులో కన్నుమూశాక ట్రోఫీకి ఆయన పేరు పెట్టి, దేశం మొత్తానికి విస్తరించారు. ఆ కంచు విగ్రహంలోని ఆటగాడు ఒక చేత్తో బంతిని చంకలో అదుముకుని, రెండో చెయ్యి చాచి అడ్డొచ్చేవాణ్ణి నెడుతూ పరుగెత్తుతుంటాడు. శిల్పి ఫ్రాంక్ ఎలిస్క్యూ పనితనం నాకు ఇష్టమే. కాకపోతే ఆ విగ్రహం భంగిమే ఓటర్ల చేతిని కొంత నడిపిస్తోందేమోనని నాకు చాలాసార్లు అనిపించింది. బంతి చేతిలో ఉన్నవాడే ఆటగాడని ఆ కంచు చెబుతున్నట్టుంటుంది.

ఓటింగ్ పద్ధతి చూస్తే ఇది ఎందుకు మారడం లేదో అర్థమవుతుంది. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతం నుంచి 145 మంది చొప్పున మొత్తం 870 మంది పాత్రికేయులకు ఓటు ఇస్తారు. గతంలో గెలిచినవాళ్లకూ ఓటు ఉంటుంది, అభిమానులందరికీ కలిపి ఒక్క ఓటు. ప్రతివారూ ముగ్గురి పేర్లు వరస క్రమంలో రాస్తారు. మొదటి పేరుకు 3 పాయింట్లు, రెండో పేరుకు 2, మూడో పేరుకు 1. శనివారం రోజంతా ఒక పాత్రికేయుడు ఎన్ని మ్యాచ్‌లు నిదానంగా చూడగలడు? మిగిలినవాటికి అతను ఆధారపడేది గణాంకాల పట్టిక మీదే, లైన్‌లో ఆడేవాడు అందులో ఎక్కడా ఉండడు. పైగా సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌లు మొదలుకాకముందే ఓట్లు ముగుస్తాయి. 2005లో రెండో స్థానంలో నిలిచిన టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ (సెంటర్ నుంచి బంతి అందుకుని ఆట నడిపేవాడు) విన్స్ యంగ్, 2006 జనవరి 4న రోజ్ బౌల్‌లో 267 గజాలు విసిరి, 200 గజాలు పరుగెత్తి జట్టును 41-38తో గెలిపించినప్పుడు ఓట్లు వేసినవాళ్లు చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. క్వార్టర్‌బ్యాక్‌లకే ఇలా జరిగినప్పుడు లైన్‌వాళ్ల సంగతి చెప్పనక్కరలేదు.

హైస్‌మన్ చరిత్రలో లైన్ చివర ఆడే ఎండ్‌లు ఇద్దరు గెలిచారు, 1936లో యేల్ ఆటగాడు లారీ కెల్లీ, 1949లో నోటర్ డేమ్ ఆటగాడు లియాన్ హార్ట్. గార్డు, టాకిల్, సెంటర్ ఒక్కడూ గెలవలేదు. ఒహాయో స్టేట్ టాకిల్ ఆర్లాండో పేస్‌ను 1996లో గెలిపించాలని అతని విశ్వవిద్యాలయం చేసిన ప్రయత్నం నాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది. ఎదుటివాణ్ణి వెల్లకిలా పడేసే అడ్డుకట్టను ఆటలో పాన్‌కేక్ అంటారు. పేస్ ప్రతి మ్యాచ్‌లో ఎన్ని పాన్‌కేక్‌లు వేశాడో లెక్కపెట్టి, పాన్‌కేక్ ఆకారంలో అయస్కాంతాలు చేయించి ఆ ప్రచారాన్ని ఊరూరా పంపారు. లేని గడిని తామే గీసి పట్టికలో చేర్చారన్నమాట. ఆ ఏడాది ఫ్లోరిడా క్వార్టర్‌బ్యాక్ డానీ వుర్ఫెల్ గెలిచాడు, పేస్ నాలుగో స్థానంలో నిలిచాడు.

అంతకంటే దగ్గరగా వచ్చినవాడు అదే ఒహాయో స్టేట్‌కు చెందిన జాన్ హిక్స్. 1973లో ఈ టాకిల్ రెండో స్థానంలో నిలిచాడు. అతని వెనక పరుగెత్తిన ఆర్చీ గ్రిఫిన్ ఆ తరవాత 1974, 1975ల్లో వరసగా రెండుసార్లు హైస్‌మన్ గెలిచాడు, అలా రెండుసార్లు గెలిచినవాడు నేటికీ అతనొక్కడే. 1973లో గెలిచింది పెన్ స్టేట్ రన్నింగ్ బ్యాక్ జాన్ కాపెలెటి. సన్మానసభలో అతను లుకీమియాతో పోరాడుతున్న తన చిన్న తమ్ముడు జోయికి ఆ ట్రోఫీని అంకితమిస్తూ గొంతు పూడుకుపోయి మాట్లాడాడు. హిక్స్‌కు రావలసిందని నేను నమ్మే ట్రోఫీ ఆ రాత్రి అతని చేతిలో ఉన్నందుకు నాకు ఏ కోశానా కష్టం కలగదు. ఒకరికి దక్కిన గౌరవం మరొకరి నుంచి లాక్కున్నది కానవసరం లేదని, లైన్‌వాళ్లకు వేరే ద్వారాలు తెరిచి ఉంటే చాలునని నాకు అనిపించేది అటువంటి సందర్భాల్లోనే.

ఆ ద్వారాలు ఉన్నాయి, కానీ వాటి గురించి చదివేవాళ్లు తక్కువ. టాకిల్‌గానూ, వెనక ఆడేవాడిగానూ రెండు విధాలా ఆల్ అమెరికా గౌరవం పొందిన జాన్ ఔట్‌లాండ్, లైన్‌వాళ్లకు న్యాయం జరగడం లేదన్న బాధతో నెలకొల్పడానికి కారకుడైన ఔట్‌లాండ్ ట్రోఫీని 1946 నుంచి ఇస్తున్నారు. మొదటి విజేత నోటర్ డేమ్‌కు చెందిన జార్జ్ కానర్. రెండు పక్కలా ఆడినవాడే ఆ తేడాను గుర్తించాడన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. సెంటర్లకు 2000 నుంచి రిమింగ్టన్ ట్రోఫీ ఉంది. అర్కన్సా గార్డు బ్రాండన్ బర్ల్స్‌వర్త్ స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరి, 1998లో ఆల్ అమెరికా స్థాయికి ఎదిగి, 1999లో ప్రొఫెషనల్ జట్టు ఇండియానాపొలిస్ కోల్ట్స్ ఎంపిక చేసుకున్న 11 రోజులకే కారు ప్రమాదంలో మరణించాడు. అతని పేరుతో 2010 నుంచి, అతనిలాగే స్కాలర్‌షిప్ లేకుండా మొదలుపెట్టిన ఆటగాళ్లకు ఒక ట్రోఫీ ఇస్తున్నారు. దాన్ని రెండుసార్లు గెలుచుకున్న బేకర్ మేఫీల్డ్ 2017లో హైస్‌మన్ కూడా గెలిచాడు.

అన్నిటికంటే నా మనసుకు దగ్గరైనది 2015లో మొదలైన జో మూర్ అవార్డు. పిట్స్‌బర్గ్‌లోనూ, నోటర్ డేమ్‌లోనూ లైన్ కోచ్‌గా పనిచేసిన మూర్ పేరుతో ఇచ్చే ఈ అవార్డు ఒక మనిషికి కాక, దేశంలోని ఉత్తమ అఫెన్సివ్ లైన్‌కు మొత్తంగా దక్కుతుంది. అయిదుగురిలో ఒక్కడు తప్పటడుగు వేస్తే నలుగురి శ్రమా వృథా అయ్యే పనికి ఇంతకంటే తగిన సన్మానం నాకు తోచదు. మొదటి ఏడాది దాన్ని గెలిచింది అలబామా లైన్. ఆ లైన్ మధ్యలో నిలబడిన ర్యాన్ కెల్లీకి రిమింగ్టన్ ట్రోఫీ వచ్చింది. వాళ్ల వెనక 2,219 గజాలు పరుగెత్తిన డెరిక్ హెన్రీ అదే ఏడాది హైస్‌మన్ గెలిచాడు. ఈ మూడు సన్మానాలనూ విడివిడి వార్తలుగా కాక ఒకే వార్తగా చదవాలని నా కోరిక.

2020లో మళ్లీ అదే జరిగింది. అలబామాలో విసిరిన బంతిని పట్టే రిసీవర్ డెవాంటా స్మిత్‌కు హైస్‌మన్, టాకిల్ అలెక్స్ లెదర్‌వుడ్‌కు ఔట్‌లాండ్, సెంటర్ లాండన్ డికర్సన్‌కు రిమింగ్టన్, మొత్తం లైన్‌కు జో మూర్. డికర్సన్ అంతకు ముందూ గాయాలతో సీజన్లు పోగొట్టుకున్నవాడు. ఆ డిసెంబరులో కాన్ఫరెన్స్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో అతని మోకాలు మళ్లీ దెబ్బతింది. 2021 జనవరి 11న ఒహాయో స్టేట్‌తో జరిగిన జాతీయ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో స్మిత్ మొదటి సగంలోనే 12 బంతులు పట్టి 215 గజాలు సాధించి మూడు టచ్‌డౌన్లు చేశాడు, డికర్సన్ పక్కన నిలబడి చూశాడు. మ్యాచ్ 52-24తో ముగియబోతూ, క్వార్టర్‌బ్యాక్ మోకాలి మీద కూర్చుని గడియారాన్ని కరగనివ్వడమే మిగిలినప్పుడు, అలబామా తన సెంటర్‌ను మైదానంలోకి పంపింది. నేను సోఫాలోంచి లేచి నిలబడ్డాను. అతను నడుస్తూ వచ్చి, వంగి, బంతి మీద చెయ్యి పెట్టి, తల ఎత్తి ఎదుటి జట్టును ఒకసారి చూసి, బంతిని వెనక్కి ఇచ్చాడు. ఆ ఒక్కసారి కెమెరా బంతి వెంట పోకుండా అతని మీదే నిలిచింది.