నా అనుభవం: ఓడలో పోయిన గాజులు, హన్మకొండలో ఫిర్యాదు

సింగపూర్‌లో ఎక్కి, పెనాంగ్, ఫుకెట్ చూసుకుని, తిరిగి సింగపూర్‌లోనే దిగే క్రూయిజ్ యాత్రకు అన్నయ్య, వదినలతో కలిసి వెళ్లాను. డబ్బు కట్టించుకుని టికెట్లు ఇచ్చింది హన్మకొండలోని ఒక ట్రావెల్ ఏజెంటు. తిరుగు ప్రయాణంలో మేము రాత్రి భోజనం ముగించుకుని గదికి వచ్చేసరికి పెట్టె తాళం ఊడదీసి ఉంది, వదిన నాలుగు తులాల గాజులు లేవు. అప్పటి నుంచి మమ్మల్ని తిప్పలు పెట్టింది ఒకే ప్రశ్న: నడిసముద్రంలో జరిగిన దొంగతనాన్ని ఎవరి పోలీసులు పట్టించుకోవాలి?

రిసెప్షన్‌లో ముందుగా మా చేతిలో పెట్టింది పారేసుకున్న వస్తువుల ఫారం. దానిని నింపకుండా సెక్యూరిటీ అధికారిని పిలిపించమని పట్టుబట్టాము. గది తలుపు కార్డుతో తెరుచుకునేది కనుక, ఏ కార్డుతో ఎన్ని గంటలకు తెరిచారో తాళంలోనే నమోదవుతుంది. ఆ చిట్టాను ఆయన ల్యాప్‌టాప్‌లో చూపించాడు గానీ నకలు ఇవ్వనన్నాడు. మేము భోజనానికి వెళ్లిన వేళలో తలుపు రెండుసార్లు తెరుచుకుంది. మొదటిది గది సర్దే అబ్బాయి కార్డు. రాత్రిపూట పక్కలు సర్దే సమయం అదే కనుక అందులో వింతేమీ లేదు, ఆ అబ్బాయి మీద నేను నింద వేయను. కాసేపటికి తెరిచినది సిబ్బందిదే మరో కార్డు, ఆ వేళలో అక్కడ దానికి పనేమిటో ఎవరూ చెప్పలేదు. అన్నయ్య ఆ రెండు వరుసలనూ భోజనశాల మెనూ కాగితం వెనుక రాసి, కింద ఆ అధికారి చేత సంతకం పెట్టించాడు. తరువాత ఏ వకీలుకు చూపించినా ముందుగా చేతిలోకి తీసుకున్నది ఆ కాగితాన్నే.

వరండా కెమెరా రికార్డింగును చెరిపివేయకుండా భద్రపరచాలనీ, ఆ సమయంలో ఓడ ఉన్న అక్షాంశ రేఖాంశాలను నివేదికలో రాయాలనీ కెప్టెన్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, దిగేలోపు నివేదిక నకలు తీసుకున్నాము. దిగిన చోట పోలీసులకూ ఒక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకున్నాము. ఓడ వెనుక భాగాన పేరు కింద నసావు అని ఉంది, అంటే అది బహామాస్‌లో నమోదైన ఓడ. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం ప్రకారం బహిరంగ సముద్రంలో ఓడపై అధికారం ప్రధానంగా దాని జెండా దేశానిదే, అంటే అది నమోదైన దేశానిదే. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపల కూడా, దాటిపోతున్న విదేశీ ఓడలో జరిగిన నేరంలో తీరదేశం జోక్యం చేసుకోవడానికి కొన్ని షరతులున్నాయి. అమెరికా రేవులను తాకే పెద్ద ఓడలకు 2010లో ప్రత్యేక చట్టం వచ్చింది, 10,000 డాలర్లకు మించిన దొంగతనాన్ని ఎఫ్‌బీఐకి తెలపాలని అది చెబుతుంది. మా ఓడ అటు వెళ్లేదీ కాదు, మా గాజులు అంత విలువైనవీ కావు.

హన్మకొండకు వచ్చాక పోలీస్ స్టేషన్‌లో ఎస్‌ఐ మర్యాదగానే మాట్లాడాడు గానీ, "సముద్రంల పోయినదానికి మేమేం జేస్తం సార్?" అన్నాడు. నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాలని, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఉంది. అయితే అలా తమ పరిధి కాకపోయినా నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్‌ను దేశంలోని మరో స్టేషన్‌కు పంపగలరు, బహామాస్‌కు ఎలా పంపుతారు? నేరం చేసినది భారతీయుడైతే మన చట్టం అతని వెంట ఎక్కడికైనా వెళుతుంది. కోర్టు విచారణకు అదే సంహిత 208వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి; అంతకుముందున్న ఇటువంటి నిబంధనపై, దర్యాప్తుకు ఆ అనుమతి అక్కరలేదని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. ఆ రెండవ కార్డు ఎవరిదో, అతనిది ఏ దేశమో తెలియకుండా ఇదంతా గాలిలో మాట. అయినా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకుని, దాని నకలును రిజిస్టర్డ్ పోస్టులో కమిషనర్ కార్యాలయానికి పంపాము. ఎఫ్‌ఐఆర్ మాత్రం కాలేదు. ప్రయాణ బీమా కంపెనీ నగలు పాలసీలోకి రావని ఒక్క వాక్యంలో తేల్చేసింది.

అదాలత్‌లో మేము కలిసిన వకీలు క్రిమినల్ దారి కంటే వినియోగదారుల దారే మేలని చెప్పారు. టికెట్ షరతులలో వివాదాలన్నీ విదేశీ కోర్టులోనే తేలాలని ఉంది, అక్కడ ఇటువంటి షరతులకు బలం ఎక్కువ. కార్నివాల్ అనే క్రూయిజ్ కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1991లో అటువంటి షరతు చెల్లుతుందనే తీర్పు ఇచ్చింది. కానీ మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ఫిర్యాదుదారు నివసించే చోటనే కేసు వేసుకోనిస్తుంది, పైగా డబ్బు చేతులు మారింది హన్మకొండలోనే. గడువు రెండేళ్లు. కట్టిన సొమ్ము అయిదు లక్షలు దాటలేదు కనుక ఫీజు కూడా లేదు. ఏజెంటునూ ఓడ కంపెనీనీ ప్రతివాదులుగా చేర్చాము.

విలువైన వస్తువులను ఓడ వారికి అప్పగించకపోతే బాధ్యత లేదని కంపెనీ జవాబిచ్చింది. ఓడ ప్రయాణికుల, వారి సామాను విషయంలో ఓడ వారి బాధ్యతను చెప్పే 1974 ఏథెన్స్ అంతర్జాతీయ ఒప్పందంలోనూ అటువంటి నియమం ఉన్నందువల్ల ఆ వాదనను తేలికగా తీసుకోలేము. అందుకే మా వకీలు గాజుల ధరను వెనక్కి నెట్టి, సిబ్బంది కార్డుతో తలుపు తెరిచిన సంగతినీ, రాసి అడిగినా కెమెరా రికార్డింగు ఇవ్వని సంగతినీ సేవాలోపంగా ముందు పెట్టారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఏజెంటు కౌంటరు దాఖలు చేశాడు. తాను మధ్యవర్తిని మాత్రమేనన్నది అతని వాదన. కంపెనీ కొంత సొమ్ముతో రాజీకి వస్తామని లేఖ పంపింది గానీ, అందులో రికార్డింగు ఊసే లేదు. వదిన ఒప్పుకోలేదు. రికార్డింగు తెప్పించమని వేసిన దరఖాస్తుపై వచ్చే వాయిదాలో వాదనలున్నాయి.