కారల గిన్నెలో వెలుగు

మంగళవారం, రాత్రి పదకొండు

పొద్దున తుమ్మలపెంట నుంచి వచ్చిన కార చేపల్ని జేజి ఉప్పునీళ్లలో వేసి వంటింటి మూల పెట్టింది. చలికాలమే కదా అని సాయంత్రం దాకా ఎవరం పట్టించుకోలేదు. ఎనిమిదిన్నరకు కరెంటు పోయింది. ఫోను కోసం తడుముకుంటూ వెళ్తే గిన్నెలో నీలమూ పచ్చా కలిసిన మసక వెలుగు, చేపల పొట్టల మీద మరకలు మరకలుగా. గిన్నె కదిపితే నీళ్లు కూడా మెరిశాయి.

"కొరివి దెయ్యం మే, ముట్టుకోబాక" అంది జేజి గుమ్మంలోనే నిలబడి.

నాకు మధ్యాహ్నం ల్యాబులో చూసిన ప్లేటు గుర్తొచ్చింది.

ఇస్కపల్లి వైపు నుంచి ఒకన్న నిన్న తన రొయ్యల గుంట నీళ్లు తెచ్చాడు. రాత్రి మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే ఎత్తితే చచ్చిన రొయ్య మెరుస్తా ఉందంట. ఆ నీళ్లు ప్లేటులో ఉప్పు అగర్ మీద, అంటే బ్యాక్టీరియాను పెంచే జెల్లీ మీద వేసి, ఇవాళ లైట్లు ఆర్పి చూస్తే చుక్కలు చుక్కలుగా వెలిగాయి. విబ్రియో హార్వేయి అనే వెలిగే బ్యాక్టీరియా తరహా. అన్న చేతిలో అప్పటికే ఏదో మందుల షాపులో ఇచ్చిన పొట్లం ఉంది, దాని మీద పేరు కూడా లేదు.

"ఇది కొట్టేదా, లేకపోతే బ్లీచింగ్ చల్లి మొత్తం చంపేసేదా అమ్మా?"

రెండూ వద్దన్నాను. పొట్లంలో క్లోరాంఫెనికాల్ లాంటి నిషేధించిన మందుంటే ఆ రొయ్యల్ని బయటి దేశాలు తీసుకోవు. బ్లీచింగ్ మంచి సూక్ష్మజీవుల్ని కూడా చంపుతుంది. అవి పోయిన చోట ముందుగా పుంజుకునేది విబ్రియోనే. మేత తగ్గించమన్నాను, రాత్రి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపొద్దన్నాను, అడుగున నల్లమట్టి ఎంత ఉందో చూసుకోమన్నాను. తల ఊపాడు కానీ పొట్లం జేబులోనే పెట్టుకుని వెళ్లాడు. అది మనసులో ముల్లులా ఉంది.

ఈ బ్యాక్టీరియా సముద్రానిదే, మన గుంటల్లో పుట్టింది కాదు. రొయ్య పెంకు మీద, చేప పేగుల్లో, నీళ్లలో ఎప్పుడూ ఉంటుంది. పెంకులోని కైటిన్ అనే గట్టి పదార్థాన్ని కరిగించి తింటుంది. 1936లో దీన్ని మొదట వర్ణించినప్పుడు దొరికింది కూడా అమెరికా తీరంలో, ఇసుకలో ఎగిరే చిన్న జీవి ఒకటి చచ్చి మెరుస్తుంటే దాని ఒంటి మీద. జీవుల వెలుగును జీవితమంతా శోధించిన ప్రిన్స్‌టన్ శాస్త్రవేత్త న్యూటన్ హార్వే పేరు పెట్టారు.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది వేరే. ఒంటరిగా ఉన్న బ్యాక్టీరియా దాదాపు వెలగదు. ఒక్కొక్కటీ ఒక రసాయనం వదులుతూ ఉంటుంది. జనం పెరిగి ఆ రసాయనం చిక్కబడితే, అప్పుడు అన్నీ కలిసి వెలుగుతాయి. 1970లో నీల్సన్, హేస్టింగ్స్ అనే శాస్త్రవేత్తలు, వాళ్లతో పనిచేసినవాళ్లు ఈ సంగతి బయటపెట్టారు. జబ్బు చేసే కొన్ని గుణాలకీ ఇదే లెక్క. సముద్రంలో పలచగా ఉన్నంతకాలం గొడవ లేదు. కానీ గుంటలో వనామి రకం రొయ్య పిల్లల్ని చదరపు మీటరుకు 60 దాకా వేయొచ్చని నిబంధన. మిగిలిన మేతా, రొయ్యల మలమూ పోగైన గుంటలో వాటికి గుంపు కట్టడం ఎంతసేపు?

ఇక కారల సంగతి. వీటి గొంతు చుట్టూ చిన్న సంచి ఉంటుంది, అందులో ఫొటోబ్యాక్టీరియం లయోగ్నాతి అనే ఇంకో వెలిగే బ్యాక్టీరియా కాపురం. హార్వేయికి దూరపు చుట్టం. చేప దానికి తిండి పెడుతుంది. అది ఇచ్చే వెలుగును చేప పొట్ట కిందికి పంపుకుంటే, లోతులో ఉన్న పెద్ద చేపలకు దీని నీడ కనిపించదు. ఒకే వంశం. ఇక్కడ చేప ప్రాణం కాస్తోంది, ఇస్కపల్లిలో అన్న పెట్టుబడి తింటోంది.

జేజికి ఇదంతా చెప్తే మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది. "మా నాయన వలలో కూడా ఇట్టనే మెరిసేదంటారే" అంది. కరెంటు వచ్చేదాకా చూస్తూనే ఉన్నాం.

గిన్నెలో వెలిగింది గొంతు సంచిలోదా, చర్మం మీద పెరిగిన ఇంకో జాతా అన్నది ల్యాబులో ప్లేటు మీద గీసి పెంచి చూస్తేగానీ తేలదు. రెండు కారల్ని కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున ముందు ఇస్కపల్లి అన్నకి ఫోన్ చేయాలి, ఆ పొట్లం నీళ్లలో కలపకముందే.