ఆవ ఘాటు రుచీ కాదు, వాసనా కాదు

కోవిడ్ తగ్గినా మా అత్తయ్యకు వాసనలు సరిగ్గా తిరిగి రాలేదు. మాది కాశీబుగ్గ. గాలి ఇటు మళ్లిందంటే జీడిపిక్కలు కాల్చే వాసన వంటింట్లోకి వచ్చేస్తుంది. మేమంతా ముక్కు మూసుకుంటాం, ఆవిడ నింపాదిగా కాఫీ తాగుతారు. ఆ కాఫీ కూడా చేదూ తీపీ కలిసిన వేడినీళ్లేనట.

అలాంటి మనిషి పనసపొట్టు కూరలో ఆవ తగ్గితే మాత్రం మొదటి ముద్దకే పట్టేస్తారు. "ఏటే, ఆవ పెట్టడం మరిచిపోనావేటి?" అంటారు. వాసనే తెలియనప్పుడు ఇదెలా తెలుస్తోందన్నదే నన్ను చదివించింది.

నాలుకకు తెలిసేవి కొన్నే: తీపి, పులుపు, ఉప్పు, చేదు, 1908లో జపాన్‌లో కికునాయె ఇకెడా గుర్తించిన ఉమామి. (ఏ రుచి నాలుక మీద ఎక్కడ తెలుస్తుందో చూపే స్కూలు పుస్తకం బొమ్మ తప్పు. అన్ని రుచులూ నాలుకంతటా తెలుస్తాయి.) మిగతాదాంట్లో చాలావరకు ముక్కు పనే. నములుతుంటే వాసన గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. అక్కడ దాన్ని పట్టే గ్రాహకాలు మనకు సుమారు 400 రకాలు. వాటి జన్యువుల్ని 1991లో కనిపెట్టిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది.

ఆవది ఈ రెండు దారులూ కాదు. అది ముఖంలోని ట్రైజెమినల్ నరాన్ని పట్టుకుంటుంది. నొప్పి, మంట, చలి చెప్పే నరం అది. మిరపకాయ కారం కూడా అటే వెళ్తుంది. కాకపోతే ఆవ ఘాటు ఇట్టే ఆవిరవుతుంది కాబట్టి ముక్కులోకి జివ్వుమని ఎక్కుతుంది. అత్తయ్యకు ఆ నరం బాగానే ఉంది.

ఇంకా నచ్చిందేమిటంటే, ఆవగింజలో ఆ ఘాటు అసలు ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ మరోచోట విడివిడిగా ఉంటాయి. నీళ్లు పోసి నూరితే రెండూ కలిసి ఘాటు పుడుతుంది. వేడి తగిలితే ఎంజైమ్ చచ్చిపోతుంది, పుట్టిన ఘాటూ ఎగిరిపోతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలు ముక్కుకెక్కనిది అందుకే. "కూర దించినాకే ఆవ కలపాలి" అని అత్తయ్య ఎప్పటినుంచో చెబుతున్నదీ ఇదే.

జర్మనీలో థామస్ హమ్మెల్ బృందం 2009లో వాసన తెలియనివాళ్లకు ఒక సాధన ప్రచురించింది. గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం రోజుకు రెండుసార్లు, 12 వారాలు పీల్చాలి. గులాబీ అత్తరు తెస్తే "పెళ్లికెల్తన్నానేటి?" అని పక్కన పెట్టేశారు. నీలగిరి తైలం తెలుస్తోందంటున్నారు గానీ నేను సంబరపడటం లేదు. దాని చల్లదనం ఆ నరానికీ తెలుస్తుంది కదా. నేను నమ్మేది నిమ్మనే. ఆవిణ్ణి కళ్లు మూసుకోమని తొక్క గిల్లి ముక్కు దగ్గర పెడుతున్నాను. మొన్న నిమ్మ అనలేదు గానీ, "ఏదో పచ్చాకు నాగున్నాది" అన్నారు.