పర్లాకిమిడి కొండవాలు మీద తొమ్మిది చెట్లు

నౌపడా దాటి బండి గుణుపురం లైనులోకి మళ్ళింది. పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్నయ్య, ఒళ్ళో మడత పెట్టిన ఇనుప బుట్ట పట్టుకుని కూర్చున్నాడు. బుట్ట పైనుంచి గొలుసులు వేలాడుతున్నాయి. ఎదుటి సీటు పెద్దాయన దాన్నే చూసి చూసి చివరికి అడిగేశాడు.

"ఇదేటి బాబూ, కోళ్ళ గూడా?"

"ఆటండీ. ఈ పళ్ళేన్ని దూరం నుంచి విసిరి గొలుసుల్లో పడెయ్యాలి. ఎవరు తక్కువ విసుర్లలో వేస్తే వాళ్ళు గెలిచినట్టు."

పెద్దాయన డిస్క్ చేతిలోకి తీసుకుని అంచు తడిమి చూశాడు. అన్నంపళ్ళెం కన్నా చిన్నది, 175 గ్రాముల బరువు. అంచు పలచగా, గాలిని కోసేట్టు ఉంటుంది.

సంక్రాంతికి పర్లాకిమిడి మేనత్త ఇంటికి ప్రతి ఏడూ వెళ్తాం. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు ఊరు అటు పోయింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు మిగిలింది. మాకు మాత్రం అది ఇప్పటికీ అత్తయ్య ఊరే. ఈసారి తేడా ఏమిటంటే, అమెరికాలో నాలుగేళ్ళు ఉండి వచ్చిన అన్నయ్య అక్కడ వారంవారం ఆడిన డిస్క్ గోల్ఫ్‌ని మావయ్య జీడితోటలో ఆడదామన్నాడు. కనుమ నాడు కాకి కూడా కదలదని అత్తయ్య మమ్మల్ని ఇంట్లోంచి బయటికి పంపలేదు. ముక్కనుమ పొద్దున్నే మహేంద్రతనయ దాటి తోటకి చేరాం.

తోట పూర్తిగా వాలులో ఉంటుంది. పైన గట్టు మీద పెద్ద పనస, నడుమ అంతా జీడిమామిడి, దిగువన వాగు, వాగు ఒడ్డున వెదురు పొద. మంచు విడిచాక ఈశాన్యాన మహేంద్రగిరి నీలంగా కనపడింది. జీడిచెట్లు అప్పుడే పూతకొచ్చాయి, తోటంతా తియ్యటి వాసన. కొమ్మలు నేలకి ఆనుకుని గొడుగుల్లా పరుచుకుంటాయి కాబట్టి చెట్టుకీ చెట్టుకీ మధ్య సందులే మా దారులయ్యాయి.

ఉన్నది ఒక్క బుట్ట. దాన్ని ఆఖరి గురికి ఉంచి, మిగిలిన ఎనిమిది చోట్లా చెట్ల మొదళ్ళకి ఎర్రగుడ్డ పీలికలు కట్టాం. ఇది సర్దుబాటేనని నేననుకున్నాను. కానీ అన్నయ్య చెప్పాక తెలిసింది, ఈ ఆట మొదలైందే అలాగని. తొలిరోజుల్లో జనం చెట్లకీ, దీపస్తంభాలకీ గురిపెట్టి విసిరేవాళ్ళు. ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో తొలి కోర్సు పెట్టాడు. గొలుసుల బుట్టకి పేటెంటు 1977లో వచ్చింది. 2002లో ఆయన పోయాక, కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారట. వింటుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

తోట చూసుకునే తాత సవరాయన. మనవడితో సవరలో, మాతో తెలుగులో, మోటారు మెకానిక్‌తో ఒడియాలో మాట్లాడతాడు. ఈ ఊళ్ళో పంతులుగా పనిచేస్తూ గిడుగు రామమూర్తిగారు సవర భాష నేర్చుకున్నది ఇలాంటి తాతల దగ్గరే కదా అనిపించింది. తాతా మనవడూ మా వెనకే నడిచారు.

మైదానంలో చెయ్యి బలం ఉన్నవాడిదే పైచేయి. వాలులో అలా కాదు, అసలు ఆట ఇక్కడే ఉంది. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చెయ్యి ఒంటికి అడ్డంగా తెచ్చి, విసిరిన డిస్క్ వేగం మీద ఉన్నంతసేపు తిన్నగా పోయి, వేగం చచ్చాక ఎడమకి వాలుతుంది. ఎగువకి విసిరితే ఆ వాలడం ముందే వచ్చేస్తుంది. డిస్క్ ముక్కు, అంటే ముందంచు, కాస్త పైకి లేచిందంటే గాల్లోనే నిలబడిపోయి దభీమని కూలుతుంది. మొదటి రెండు గురులూ ఎగువకే. ముక్కు దించి, మోకాలి ఎత్తులో విసరమని అన్నయ్య చెబుతూనే ఉన్నాడు. నా చెయ్యి మాత్రం చిన్నప్పుడు మామిడికాయలకి రాళ్ళు రువ్విన అలవాటుతో పైకే లేస్తోంది. రెండో గురికి ఎనిమిది విసుర్లు పట్టాయి.

మూడోది గట్టు మీంచి దిగువకి. అప్పటికి పది కావస్తోంది, ఎండకి కొండ వేడెక్కి గాలి లోయలోంచి పైకి ఎగదన్నుతోంది. ఎదురుగాలి డిస్క్‌ని మొదట్లో కుడికి తిప్పేస్తుందనీ, అందుకని బాగా ఎడమకి వాలే గట్టి డిస్క్ తీసుకోమనీ అన్నయ్య పసుపు డ్రైవరు, అంటే దూరం విసిరే డిస్క్, చేతికిచ్చాడు. ఉన్న బలమంతా పెట్టి విసిరాను. జీడిచెట్ల నెత్తిమీంచి పోయింది. కుడికి కొంచెం ఒరిగి, సర్దుకుని, ఎండలో మెరుస్తూ తేలుతూ తేలుతూ ఎడమకి వాలింది. అంతసేపు గాల్లో ఉన్నదాన్ని నేను ఎప్పుడూ విసరలేదు. ఊపిరి బిగబట్టి చూశాను. కొమ్మల వెనక ఎక్కడో మాయమైంది.

ఆ ఎడమ చెట్ల కిందే వెతికాం. కర్రతో ఎండాకులు కదిలిస్తూ, పాముల భయంతో అడుగు ఆచితూచి వేస్తూ. రూలు ప్రకారం మూడు నిమిషాలే. అది దాటితే పోయినట్టే, స్కోరుకి ఒకటి కలుపుకోవాలి. మేము అరగంట వెతికాం. అది అన్నయ్యకి ఎంతో ఇష్టమైన డిస్క్.

"అక్కడ నేదు బాబూ. కిందకి, ఇంకా కిందకి ఎల్లిపోనాది" అన్నాడు తాత, వాగు వైపు చూపిస్తూ. అంత దూరం నా చెయ్యి విసరదని నేనూ, అంత ఎడమకి వెళ్ళదని అన్నయ్యా వినలేదు.

తర్వాతి గురులు తొందరగానే అయిపోయాయి. ఏడో దగ్గర ఒక్కటి చెప్పాలి. నా డిస్క్ కొమ్మల గొడుగు కిందికి దూరింది, నిలబడే చోటు లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, ఫోర్‌హ్యాండ్‌తో మణికట్టు మాత్రం విదిలించాను. నేల మీద జానెడెత్తున జారిపోయి గుడ్డ కట్టిన మొదలుకి తగిలింది. ఆ రోజు నేను బుద్ధిపెట్టి ఆడినది అదొక్కటే అనుకుంటాను.

ఆఖరికి పనసచెట్టు దగ్గర బుట్ట. పది మీటర్ల లోపు నుంచి వేసేటప్పుడు, విసిరాక నిలదొక్కుకునే దాకా ముందుకి అడుగు పడకూడదు. వాలులో నిలదొక్కుకోవడమే కష్టం. పైగా గురి తప్పి అంచు మీద పడిందా, చక్రంలా దొర్లి కిందకి పోతుంది. నాది రెండుసార్లు అలాగే పోయింది. తాత మనవడు చెప్పులు విడిచి, కాలివేళ్ళు మట్టిలో దిగేసి నిలబడి, మూడో విసురుకే వేశాడు. గొలుసులు ఘల్లుమన్నాయి. వాడు మళ్ళీ మళ్ళీ ఆ చప్పుడు వినాలని మధ్యాహ్నం దాకా అక్కడే ఉండిపోయాడు. అన్నయ్య బుట్టనీ రెండు డిస్కుల్నీ వాడి దగ్గరే వదిలి వచ్చాడు. నా లెక్క యాభై రెండు, అన్నయ్యది ముప్ఫై ఒకటి.

జీడిపిక్కలు ఏరే ముందు జీడిచెట్ల కింద ఆకు ఊడ్చి శుభ్రం చేస్తారు. మొన్న మార్చిలో మావయ్య ఫోను చేశాడు. తోట ఊడ్చి, తాత వాగు దాకా దిగి చూశాడట. మేము వెతికిన చోటికి నలభై అడుగులు దిగువన, ఇంకా ఎడమన, వెదురు పొద మొదట్లో పసుపు డిస్క్ దొరికిందట.