అడుగు గీతలు

మా తాతగారు ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఇంటర్నేషనల్ బి-275 ట్రాక్టరు, తగరపువలస దగ్గరి మా పొలం షెడ్డులో చాలా ఏళ్లు కదలకుండా పడి ఉంది. మహీంద్రా వారు ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి 1963లో పెట్టిన కంపెనీ మన దేశంలో తయారు చేసిన తొలి మోడల్ ఇదే. ఇంజను పని నిరుడు పూర్తయింది. మిగిలిందల్లా రంగు. బానెట్ మీది ఎరుపు ఎండకు వెలిసి, వేలితో రాస్తే గులాబి పొడి అంటుకునే స్థితికి వచ్చింది. విశాఖపట్నంలోని గోపాలపట్నం నుంచి ప్రతి ఆదివారం వెళ్లి, ఆ రంగు పని నేనే చేసుకోవాలని నిశ్చయించుకున్నాను.

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు చివరి కోటు కొట్టాను. కనుమ నాడు పసుపు, కుంకుమ, బంతిపూల దండలతో ట్రాక్టరు పెళ్లికొడుకులా మెరిసింది. వచ్చినవారంతా మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను. రథసప్తమి నాటి ఉదయం షెడ్డు తలుపు తీసేసరికి, ఏటవాలుగా పడుతున్న ఎండలో బానెట్ పొడవునా దువ్వెనతో దువ్వినట్లు సన్నని గీతలు కనబడ్డాయి. మడ్‌గార్డు మీద పుట్టీ పెట్టిన చోటైతే గుండ్రటి సుడులు కూడా తేలాయి. కనుమ నాడు వాటి జాడే లేదు.

అప్పుడు నేను చేసిన మొదటి పని తప్పు పని. రబ్బింగ్ కాంపౌండ్ తెచ్చి ఒక పూటంతా తోమాను. మెరుపు వచ్చింది, గీతలు పోయాయనిపించింది. నాలుగు రోజులు ఎండ తగిలాక మళ్లీ అక్కడే, అలాగే కనిపించాయి. కాంపౌండ్‌లోని నూనె, మెత్తని పొడి గీతల్లో కూరుకుని కాసేపు కళ్లను మోసగించాయి, అంతే.

బానెట్ ఫోటోలు పట్టుకుని గాజువాక ఆటోనగర్‌లో చాలాకాలంగా లారీలకు రంగులు వేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన ఫోటోలు పక్కన పెట్టి, ముందు నేను వాడిన ఎమరీ పేపర్ల నెంబర్లు అడిగారు (నెంబరు పెరిగేకొద్దీ కాగితం మెత్తన). పుట్టీ మీద 120తో రుద్ది, తర్వాత ఒక్కసారి 220 తిప్పి, సర్ఫేసర్ (రంగు కింద వేసే అడుగు పూత) కొట్టి, అదే సాయంత్రం రంగు వేశానని చెప్పాను. "తొందరేటండీ బాబూ! ఇది పై గీత కాదు, అడుగు గీత. పైన ఎంత తోమినా అడుగుది కనబడతానే ఉంటాది" అన్నారాయన.

ఆ తర్వాత నేను చదివి, చేసి తెలుసుకున్నదంతా ఆ ఒక్క మాటకు వివరణే. పి120 కాగితంలో రవ్వల సగటు పరిమాణం సుమారు 125 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), పి220లో 68, పి400లో 35. ఆరిన తర్వాత రెండు పూతల రంగు మందం దాదాపు 50, 60 మైక్రాన్లకు మించదు. రవ్వ ఎంత ఉంటే గీత అంత లోతు పడుతుందని కాదు గానీ, 120 చేసిన గాడులను 220 పూర్తిగా తుడిచిపెట్టలేదన్నది ఈ అంకెలు చూస్తేనే అర్థమవుతుంది. ఆ గాడుల్లో నిండిన సర్ఫేసర్ చుట్టుపక్కల కంటే మందంగా ఉంటుంది. పూర్తిగా ఆరకముందే దాని మీద రంగు కొడితే రంగులోని థిన్నర్ కిందికి ఇంకి సర్ఫేసర్‌ను ఉబ్బిస్తుంది. ఉబ్బి ఉన్నంతకాలం ఉపరితలం సమంగా, అందంగా కనిపిస్తుంది. థిన్నర్ రోజుల తరబడి మెల్లగా బయటికి పోయేకొద్దీ, మందం ఎక్కువ ఉన్న చోట ఎక్కువ కుంగి, అడుగు గీత ఆకారం పైకి తేలుతుంది. కనుమ నాటి అందం ఆ ఉబ్బుదే. దానికి తోడు ఎరుపు రంగుకు అడుగును కప్పే గుణం తక్కువ. బూడిద రంగు సర్ఫేసర్ కనబడకూడదని నేను వెంటవెంటనే కోటు మీద కోటు కొట్టడంతో థిన్నర్ ఇంకా లోపల చిక్కుకుపోయింది.

ఎమరీ పేపర్ నెంబర్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. వెనుక నెంబరుకు ముందు 'పి' అక్షరం ఉన్న కాగితం ఒక కొలత, లేనిది వేరే కొలత. పి లేని 320 దాదాపు పి400తో సమానం. పి లేని 600 అయితే పి1200 అంత మెత్తన. దుకాణంలో రెండూ ఒకే అరలో ఉంటాయి. రెండింటినీ కలిపి వాడుతూ వరుస తప్పలేదని అనుకునేవారిలో నేనూ ఒకణ్ణి.

గీత పైదా, అడుగుదా అని తేల్చుకోవడానికి నేను రాత్రిపూట ట్యూబ్‌లైటును బానెట్ పక్కన ఏటవాలుగా పట్టుకుని, తడిగుడ్డతో తుడిచి చూశాను. రంగు మీదే పడిన సన్నని గీతలైతే తడి ఉన్నంతసేపూ కనబడవు, గోటికి అంచు తగులుతుంది. మావి తడిలోనూ కనబడ్డాయి, గోటికి మాత్రం ఏమీ తగల్లేదు. ఒక్క కుడి మడ్‌గార్డు మీద మాత్రం, దుమ్ము గింజలు తీద్దామని నేను 800తో రుద్దిన జానెడు మేర పై గీతలు. అక్కడ పి1500, పి2000 వాటర్ పేపర్లతో తడిపి రుద్ది కాంపౌండ్ పెడితే ఒక గంటలో పని తీరింది.

మిగతాదానికి నెల రోజులు ఆగాను. నేను వాడింది హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే పీయూ, అంటే పాలీయురెథేన్ రంగు కాబట్టి అది వారం పది రోజుల్లో గట్టిపడినా, అడుగున చిక్కిన థిన్నర్ పోవడానికి సమయం ఇవ్వాలనిపించింది. మామూలు సింథటిక్ ఎనామెల్ అయితే గాలి తగిలి గట్టిపడడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది, తొందరపడితే కాగితానికి బంకలా అతుక్కుంటుంది.

తర్వాత నల్ల స్ప్రే డబ్బాతో దూరం నుంచి బానెట్ అంతా మంచు కురిసినట్లు పలచగా చల్లి, నీళ్లలో పావుగంట నానబెట్టిన పి600 వాటర్ పేపర్‌ను చెక్క బిళ్లకు చుట్టి రుద్దాను. ఒంపు తిరిగిన అంచుల దగ్గర పాత హవాయి చెప్పు ముక్క చెక్క కంటే బాగా పనికొచ్చింది. ఉత్త వేళ్లతో రుద్దితే ఒక్కో వేలి కింద ఒక్కో పల్లం పడుతుంది. ఎర్రటి పాలలాంటి నీరు కారుతుంటే సైకిల్ ట్యూబు ముక్కతో లాగి చూసేవాణ్ణి. ఎత్తైన చోట నలుపు పోయి ఎరుపు తేలుతుంది, గీతల్లో మాత్రం నల్లటి వెంట్రుకల్లా మిగులుతుంది. ఆ వెంట్రుకలు పోయేదాకా రుద్దడమే పని. బకెట్టులో ఒక్క ఇసుక రేణువు పడినా కొత్త గీత తయారవుతుంది. మా బోరు నీళ్లలో ఇసుక వస్తుంది కనుక పలచటి గుడ్డలో వడకట్టి వాడాను.

ఎడమ మడ్‌గార్డు మీద రంగు తెగి పుట్టీ బయటపడింది. పుట్టీ నీరు పీల్చుకుంటుంది కాబట్టి అక్కడ తడి పని ఆపేసి, పి180, పి240, పి320 వరుసగా పొడిగానే రుద్ది, సర్ఫేసర్ కొట్టి, ఈసారి రెండు రోజులు ఆరనిచ్చి, పి400, పి600తో నునుపు చేశాను. పాత రంగు పొరలు తేలిన చోట పొడి రుద్దుడు పెట్టుకోకండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే, ఆ పొరలు అంతకు ఎంతో ముందువి. పీయూ హార్డెనర్‌లోని ఐసోసైనేట్ అనే రసాయనం ఊపిరితిత్తులకు అంతకంటే ప్రమాదం. చేతిరుమాలు కట్టుకుని స్ప్రే చేయడం ధైర్యం కాదు. స్వచ్ఛమైన గాలి అందించే మాస్కు లేని నేను, రెండోసారి స్ప్రే పనిని ఆటోనగర్ పెద్దాయనకే అప్పగించాను.

ఆయన మా షెడ్డుకు వచ్చి, ముందు బానెట్‌ను మంచినీళ్లతో కడిగించారు. భీమిలి సముద్రం మాకు పట్టుమని పది కిలోమీటర్లు లేదు. గాలిలో తేలివచ్చే ఉప్పు రంగు కింద ఉండిపోతే తర్వాత బొబ్బలు లేస్తాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే తేమ, దుమ్ము రెండూ వస్తాయని, మంచు ఆరిన తర్వాత ఎనిమిదిన్నరకు మొదలుపెట్టి పదకొండు లోపు ముగించారు. మూడు పలచటి కోట్లు, ఒక్కోదాని మధ్య పావుగంట.

మూడు వారాల తర్వాత అదే ట్యూబ్‌లైటు పట్టుకుని చూస్తే దాని ప్రతిబింబం బానెట్ మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు వంకర లేకుండా పడింది. టూల్‌బాక్స్ మూతను మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. దాని మీద 120 గీతలు ఇప్పటికీ ఉన్నాయి, సీటు ఎక్కి కూర్చుంటే కనబడతాయి.