పాత ఫైబర్ బోటు వెనుక పలకను లోపలి నుంచి బాగుచేయడం

పాత ఫైబర్ బోటు కొనేవారు రంగు చూస్తారు, ఇంజను చప్పుడు వింటారు, కానీ ఆ ఇంజను బరువంతా మోసే వెనుక పలకను, అంటే ట్రాన్సమ్‌ను, తట్టి చూసేవారు అరుదు. ఆ పలకకు ఫైబర్ రెండువైపులా పైపొర మాత్రమే. మధ్యలో ఉండేది ప్లైవుడ్. ఇంజను బోల్టుల రంధ్రాల గుండా, బోటులో చేరిన నీటిని వదిలే రంధ్రపు బిరడా, అంటే డ్రెయిన్ ప్లగ్, అంచుల నుంచి, ఎప్పుడో ఊడదీసిన బ్రాకెట్ల స్క్రూల దారిలో నీరు లోపలికి చేరుతుంది. ఒకసారి చేరిన నీటికి బయటికి పోయే దారి ఉండదు కనుక, పైన ఫైబర్ నిగనిగలాడుతుండగానే లోపల చెక్క కుళ్ళిపోతుంది.

చెన్నై కాసిమేడు రేవులో నిలిపిన నా చిన్న బోటు విషయంలోనూ అదే జరిగింది. ఇంజను అడుగుభాగాన్ని పట్టుకుని పైకెత్తి వదిలితే పలక కంటికి కనిపించేంతగా కదిలింది. చిన్న సుత్తితో వరుసగా కొడుతూ పోతే పైఅంచు దగ్గర గట్టిగా మోగిన శబ్దం బోల్టుల కిందికి వచ్చేసరికి మొద్దుబారింది. అక్కడ లోపలి వైపు నుంచి సన్నని బిట్టుతో ఒక రంధ్రం వేయగా తడిసిన కాఫీపొడిలాంటి నల్లటి ముద్ద బయటికి వచ్చింది. చెక్క బాగుంటే పొడిగా, లేత రంగులో తురుము రావాలి.

నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక మేస్త్రీ, "సార్, బయట రెండు ఫైబర్ మ్యాట్లు వేసేద్దాం, నాలుగేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. పని తెలిసినవాడే గానీ, ఈ సలహా నాకు నచ్చలేదు. రెండు ఫైబర్ పొరలూ మధ్యనున్న చెక్కకు గట్టిగా అంటుకుని ఉన్నంతవరకే పలక ఒక్కటిగా బరువు మోస్తుంది; ఆ చెక్క మెత్తబడ్డాక బయట ఎన్ని పొరలు వేసినా తేమను లోపల బంధించినట్లే అవుతుంది.

అందుకే బయటి పొర జోలికి పోకుండా, చుట్టూ మూడంగుళాల అంచు వదిలి లోపలి పొరను గ్రైండరుతో కోయించి, కుళ్ళిన చెక్కనంతా ఉలితో తవ్వించాను. ఫైబర్ ధూళి ఒంటికి తగిలితే దురద, ఊపిరితిత్తుల్లోకి పోతే హాని కాబట్టి మాస్కు, కళ్ళద్దాలు లేకుండా ఎవరినీ ఆ పనికి దిగనివ్వకూడదు. కొత్త చెక్కగా, నీటిని తట్టుకునే ప్లైవుడ్‌కు భారత ప్రమాణమైన ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌ను, పాత మందం కొలిచి అంతే మందం వచ్చేలా, రెండు పలకలుగా అతికించాం. బయటి పొరకు ఆనించే ముందు సిలికా పొడి కలిపిన ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు రెజిన్) ముద్దను పళ్ళున్న తాపీతో పరిచాం. బిగింపు మితంగా ఉండాలి. మరీ బిగిస్తే ముద్దంతా అంచుల నుంచి కారిపోయి అతుకులో జిగురు మిగలదు.

పాలిస్టర్ రెజిన్ చవక, మన వీధుల్లో సులువుగా దొరుకుతుంది. అయితే పాత ఫైబరుకూ చెక్కకూ ఎపాక్సీ పట్టే పట్టు దానికి లేదు. ఎపాక్సీ వాడితే మామూలు మ్యాట్ బదులు నేసిన గ్లాసు గుడ్డ తీసుకోవడం మేలు, ఎందుకంటే మ్యాట్‌లోని పోగులను పట్టి ఉంచే జిగురు సాధారణంగా పాలిస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకంతోనే కరుగుతుంది. పాలిస్టర్‌తోనే చేసేవారు రెజిన్ గట్టిపడే వేగం పెంచే కోబాల్టునూ, దాన్ని గట్టిపరిచే క్యాటలిస్టునూ నేరుగా ఎన్నడూ కలపకూడదు, అవి పేలవచ్చు. ఏ రెజినైనా చెన్నై ఎండలో గిన్నెలోనే గట్టిపడుతుంది కనుక కొద్దికొద్దిగా కలుపుకుని, పొద్దున్నే నీడలో పని ముగించాలి.

పలక బోటు అడుగును, పక్కలను కలిసే మూలలను ముద్దతో గుండ్రంగా నింపిన తరువాత, పాత ఫైబర్ అంచును ఏటవాలుగా అరగదీసి, గ్లాసు గుడ్డ ఒక్కొక్క పొరను ముందుదానికన్నా కొంచెం వెడల్పుగా వేశాం. మూల పదునుగా ఉంటే గుడ్డ వంగక కింద గాలి బుడగలు నిలుస్తాయి.

నా దృష్టిలో అసలు మరమ్మతు బోల్టుల రంధ్రాలదే. ప్రతి రంధ్రాన్నీ బోల్టు కంటే బాగా వెడల్పుగా తొలిచి, ఎపాక్సీ ముద్దతో నింపి, గట్టిపడ్డాక నడిమధ్యలో సరైన కొలతకు మళ్ళీ తొలిచాం. ఇక బోల్టు చెక్కను తాకే అవకాశమే లేదు. డ్రెయిన్ రంధ్రానికీ ఇదే పద్ధతి. బోల్టులకు మెరైన్ సీలెంట్ రాసి, లోపలివైపు వెడల్పాటి స్టెయిన్‌లెస్ వాషర్లతో బిగించాం. మొదటిసారి సముద్రంలోకి వెళ్ళివచ్చాక వాటిని మరోసారి సరిచూడాలి.