ఖాళీ చేతులతో వెళ్ళిన రోజు

వైకల్యం ఉన్న పిల్లలకు బడిలో ఏ పరికరం సాయపడుతుందో పరిశీలించి చెప్పడం నా పని. అలా చేసిన మొదటి పరిశీలన తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సెరిబ్రల్ పాల్సీ (మెదడులోని లోపం వల్ల కదలికల మీద పట్టు తగ్గే స్థితి) ఉన్న నాలుగో తరగతి పిల్లవాడు. "రాయలేకపోతున్నాడు, ఏదైనా పరికరం చూడండి" అన్నారు టీచరుగారు. నేను టాబ్లెట్ పట్టుకుని వెళ్ళాను. వాడు అరగంట సరదాగా నొక్కాడు, అందరం మురిసిపోయాం. రెండు నెలల తర్వాత చూస్తే అది బీరువాలో ఉంది.

విద్యార్థి, పరిసరాలు, చేయవలసిన పనులు, ఆ తర్వాతే పరికరాలు. ఇలాంటి పరికరాల ఎంపిక కోసం అమెరికా నిపుణురాలు జాయ్ జబాలా రూపొందించిన 'సెట్' (SETT, ఈ నాలుగింటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు) పద్ధతిలోని ఈ వరుసను శిక్షణలో వల్లె వేసినదాన్నే. తీరా తరగతికి వెళ్ళి, చివరిదానితో మొదలుపెట్టాను.

రెండోసారి ఖాళీ చేతులతో వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. వాడి పాదాలు నేలకు అందడం లేదు. పక్కకు ఒరిగిపోకుండా ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుంటున్నాడు. ఇక కాగితాన్ని పట్టుకునే చెయ్యి ఏది? అది జారుతూనే ఉంది. "రాయలేడు" అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు పనులున్నాయని కూడా అప్పుడే తెలిసింది. బోర్డు చూసి ఎక్కించుకోవడం, లెక్కలు వరుసలో వేయడం, సొంతంగా జవాబు రాయడం. నోటితో అడిగితే జవాబు గడగడా చెప్పేస్తాడు.

పాదాల కింద చెక్కపీట, కాగితం కింద జారని రబ్బరు షీటు, లెక్కలకు పెద్ద గళ్ళ పుస్తకం. బోర్డు మీది పాఠం ముద్రించి ఇమ్మన్నాం. ఆ పనికి పరికరమే అక్కర్లేదు! పెద్ద జవాబులకు మాటను అక్షరాలుగా మార్చే యాప్ ప్రయత్నించాం. విడిగా గదిలో భేషుగ్గా పనిచేసింది, తరగతి గోలలో చేతులెత్తేసింది. అందుకే ఇప్పుడు ఏ పరికరాన్నైనా వాడే చోటే, వాడే పనికే, రెండు వారాలు పరీక్షిస్తున్నాను. ముందూ తర్వాతా పది నిమిషాల్లో ఎన్ని పంక్తులు వచ్చాయో, చెయ్యి ఎంత అలసిందో రాసుకుంటాను. పదాలను ముందే సూచించే కీబోర్డు వంతు ఇప్పుడు నడుస్తోంది.

అసలు ఆ టాబ్లెట్ ఎందుకు తీయలేదని వాణ్ణి అడిగాను.

"తీస్తే అందరూ నా చుట్టూ మూగుతారు టీచర్."

నా ఫారంలో నాలుగు పేజీల గళ్ళున్నాయి. ఈ జవాబు రాయడానికి చోటు లేక, వెనక్కి తిప్పి రాశాను.